కుండీ కింద చెక్క స్టాండ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

కుండీలు నేల మీద పెట్టడం మానేసి చెక్క స్టాండ్ల మీదకి ఎక్కించడం ఈమధ్య ప్రతి ఇంట్లో కనపడుతోంది, దానికి తగ్గట్టే ప్రశ్నలు కూడా వచ్చిపడుతున్నాయి. ఒకేలా ఉన్నవి కలిపేసి, మరీ పెద్ద ఉత్తరాలు కాస్త కుదించి ఇస్తున్నా. ఎక్కువమంది డిజైన్ గురించి, రంగు గురించే అడిగారు గానీ నేను మాత్రం తిరిగి తిరిగి నీళ్ళ దగ్గరికే వస్తా, కారణం మొదటి ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్న: మాది బీచ్‌కి దగ్గర్లో ఐదో అంతస్తు ఫ్లాట్ అండి. బాల్కనీలోకి ఆన్‌లైన్‌లో మూడు మెట్ల చెక్క స్టాండ్ తెప్పించాం, చూడ్డానికి అచ్చం టేకులాగే ఉంది. ఒక్క వర్షాకాలం దాటిందో లేదో కాళ్ళు కింద ఉబ్బిపోయాయి, పైన కాగితం లాంటిది లేచి వస్తోంది, స్క్రూల చుట్టూ నల్లటి మరకలు. మా ఆయన ఇంకోటి కొందాం అంటున్నారు. ఏ చెక్కది కొనమంటారు? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: పైన కాగితం లేస్తోంది అన్నారు కదా, అయితే అది చెక్క కాదమ్మా, ఎండీఎఫ్ గానీ పార్టికల్ బోర్డు గానీ అయ్యుంటుంది. చెక్క పీచుని, పొట్టుని జిగురుతో కలిపి ఒత్తి, పైన టేకు బొమ్మ ఉన్న షీట్ అంటించేస్తారు. హాల్లో ఒక మూల పొడిగా ఉన్నంతకాలం బానే ఉంటుంది, ఒక్కసారి నీళ్ళు పీల్చి ఉబ్బిందంటే మళ్ళీ ఎండినా మామూలు కాదు, కాబట్టి దాన్ని రిపేరు చేయించే ఆలోచన ఏమైనా ఉంటే వదిలేయండి. ఈసారి కొనేముందు వివరాల్లో "ఇంజనీర్డ్ వుడ్" అని ఉందేమో చూడండి, అలా ఉంటే బాల్కనీకి వద్దు. షాపులో అయితే స్టాండ్ తిరగేసి స్క్రూ కన్నం లోపలికి చూస్తే చాలు, లోపల అంతా ఒకే రంగు మెత్తటి పొడిలా ఉంటే ఎండీఎఫ్, రవ్వ రవ్వగా ఉంటే పార్టికల్ బోర్డు, పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. పైన కనపడే గీతలు అంచు దాటి పక్క వైపుకి కూడా సాగితేనే అసలు చెక్క.

ఆ నల్ల మరకల సంగతి. చెక్కలో టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి, మామూలు ఇనప స్క్రూ తడిసినప్పుడు ఇనుమూ అవీ కలిసి ఆ నలుపు వస్తుంది. మీరుండేది ఉప్పుగాలిలో కాబట్టి ఇనుము అసలు వద్దు, ఇత్తడి స్క్రూలు గానీ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గానీ వేయించుకోండి, స్టీల్‌లో కూడా 304 కంటే 316 గ్రేడ్ సముద్రం దగ్గర బాగా నిలబడుతుంది.

చెక్క విషయానికొస్తే బాల్కనీకి టేకు చేవ ఉన్నది మంచిది, దొరికితే అకేషియా కూడా ఫర్వాలేదు. కానీ ఎంత మంచి చెక్కైనా కాళ్ళ అడుగున కోసిన ముఖం ఉంటుంది చూడండి, నీళ్ళు ఎక్కేది అక్కడినుంచే. రోజూ ఇల్లు తుడిచేటప్పుడు తడిగుడ్డ ఆ కాళ్ళ చుట్టూ తిరుగుతుంది, ఆ తడి అడుగున ఇరుక్కుని ఆరదు, వాన కంటే కూడా మన ఇళ్ళల్లో స్టాండ్లకి ఎక్కువ ఎసరు పెట్టేది ఈ తడిగుడ్డే అని నా అనుమానం కాదు, నమ్మకం. పాలిష్ వేసేవాళ్ళు పైపైన మెరిపించి అడుగు వదిలేస్తారు, దగ్గరుండి స్టాండ్ తలకిందులు చేయించి ముందు కాళ్ళ అడుగుకే రెండు మూడు కోట్లు వేయించండి. తర్వాత నైలాన్ బటన్లో రబ్బరు బుష్షులో కొట్టిస్తే నేలకీ చెక్కకీ మధ్య గాలి ఆడుతుంది. పై మెట్టు నిండు పలక కాకుండా మధ్య మధ్య సందులున్న పట్టీలతో ఉంటే ఇంకా మంచిది, కారిన నీళ్ళు నిలవకుండా కిందకి పోతాయి. పాలిష్‌లో బయట వాడే పీయూ (పాలీయురేథేన్) అడగండి. ఫ్రెంచ్ పాలిష్ అంటే లక్కతో చేసేది, నీళ్ళు పడితే తెల్లబారుతుంది, అందంగా ఉన్నా కుండీల కింద పనికిరాదు. పీయూ కూడా శాశ్వతం కాదు, ఏటా వానలు మొదలవక ముందే మే నెలలో ఒకసారి చూసుకుని పెచ్చులేచిన చోట గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ ఒక కోటు వేసుకోవాలి.

ప్రశ్న: మా వడ్లాయన టేకు తప్ప వేరే చెక్క పెట్టనే పెట్టద్దు అంటున్నడు, రేటు జూస్తే గుండె గుభేలుమంటుంది. వేప చెక్కతోనో మామిడి చెక్కతోనో చేపిస్తే నడవదా సార్? ఇంట్ల హాల్ల పెట్టెటందుకే. (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: నడుస్తుంది. వేప చేదు కాబట్టి పురుగు తొందరగా ముట్టదు, హాల్లోకి చాలా మంచి చెక్క, కాకపోతే బాగా ఆరిందై ఉండాలి, పచ్చి వేప ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది, పగుళ్ళిస్తుంది. అంగుళం మందం చెక్క నీడలో గాలికి ఆరడానికి దాదాపు ఏడాది పడుతుందని ఒక మోటు లెక్క, కాబట్టి ఎప్పుడు కోసింది అని అడితిలో అడిగి తీసుకోండి. మామిడి చెక్క చూడ్డానికి బావుంటుంది గానీ పురుగు ఇష్టంగా తింటుంది, మందు పట్టించకుండా వాడొద్దు. రబ్బర్ వుడ్ అని షాపుల్లో అమ్మేది కూడా ఇంతే, పాలు తీయడం అయిపోయిన రబ్బరు చెట్ల కలప అది, మందు పెట్టి ఆరబెట్టి అమ్ముతారు, ఇంట్లోకి ఓకే, బాల్కనీకి కాదు.

కానీ టేకు వద్దనుకునే ముందు ఒకసారి లెక్క వేయండి. పన్నెండు అంగుళాల కుండీకి నాలుగు కాళ్ళ స్టాండ్ అంటే కాళ్ళు అంగుళంపావు చదరం, పద్నాలుగు అంగుళాల ఎత్తు, మధ్యలో అడ్డంగా రెండు బద్దెలు, అంతే కదా. తరుగుతో సహా వేసుకున్నా ఘనపుటడుగులో పదో వంతు దాటదు. అంటే టేకు రేటు చూసి మీరు భయపడుతున్నారు గానీ ఒక స్టాండ్‌లో అసలు ఖర్చు కూలిదే. తలుపులు, కిటికీలు చేసే చోట మిగిలిన టేకు ముక్కలు అడిగితే ఇంకా తక్కువలో వస్తుంది. అయితే ఆ ముక్కల్లో తెల్లగా ఉండేది తీసుకోకండి, అది బెరడు కిందుండే బయటి పొర, దానికి టేకు గుణం ఏమీ ఉండదు, లోపలి ముదురు రంగు చేవే కావాలి. టేకు పేరు మీద తెల్లచెక్క పెట్టి పైన రంగు కొట్టేసి ఇచ్చేవాళ్ళు ఉంటారు, పాలిష్ కాకముందే చూసుకోండి.

ప్రశ్న: మా తాతగారి పెంకుటిల్లు పడగొట్టాం. ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, రెండు మూడు వాసాలు దాచాను, అంతా పాత టేకు అన్నారు. పైన ఆకుపచ్చ పెయింటు పొరలు పొరలుగా ఉంది. అమ్మడానికి మనసు రావట్లేదు, వాటితో కొత్తింట్లో మొక్కల స్టాండ్లు చేయిద్దామని నా కోరిక. మా వడ్రంగి మాత్రం పాత కలప అంటే మొహం చిట్లిస్తున్నాడు. ఎలా మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ వడ్రంగి మొహం చిట్లించడంలో న్యాయం ఉందండి, పాత కలపలో విరిగి లోపలే ఉండిపోయిన మేకులు ఉంటాయి, ఒక్కటి తగిలితే మెషీన్ బ్లేడు పోతుంది, ఆ ఖర్చు ఆయనది. అందుకే ముందు మీరు ఒక మంచి అయస్కాంతం తీసుకుని ప్రతి ముక్కా నాలుగు వైపులా తడమండి, పట్టిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి మేకులు పీకించాకే ఆయనకి ఇవ్వండి. అప్పుడు ఆయన మొహం ఎలా మారుతుందో చూడండి.

ఆ ఆకుపచ్చ పెయింటు జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు తాతల కాలంలో వేసిన ఎనామిల్ పెయింట్లలో సీసం బాగానే ఉండే అవకాశం ఉంది. ఆ పొడి పిల్లలకి చాలా హాని. కాబట్టి పొడిగా గరుకు కాగితంతో రుద్దడం, మెషీన్‌తో గీకడం, మంట చూపించి కాల్చడం మూడూ వద్దు. పెయింట్ రిమూవర్ పూసి మెత్తబడ్డాక రేకుతో తీయడం, మిగిలింది తడి చేసుకుంటూ వాటర్ పేపర్‌తో రుద్దడం, అదీ ఆరుబయట, మాస్క్ గ్లౌజులు పెట్టుకుని, కింద పట్టా పరుచుకుని. తీసిన పెచ్చులు మొక్కల మట్టిలోకి ఊడ్చేయకండి, కవర్లో కట్టి పారేయండి. ఇంత శ్రమ ఎందుకంటారా, పెయింటు పోయాక లోపల కనపడే ఆ తేనె రంగు టేకు ఇవాళ కొత్తది కొనాలంటే ఒక పట్టాన దొరకదు. ఏళ్ళ తరబడి ఆరిపోయిన చెక్క, ఇక మెలి తిరగడం అనేది పెద్దగా ఉండదు.

ద్వారబంధం నిలువు చెక్కలు మందంగా ఉంటాయి, కోత మిల్లుకి తీసుకెళ్ళి నిలువునా చీరిస్తే ఒక్కో దానిలో బోలెడు కాళ్ళు వస్తాయి. పాత మేకుల కన్నాలు, గడియ పెట్టిన గాట్లు పూడ్చేయించకండి, అవి కనపడేలా బయటి వైపుకి పెట్టించుకోండి, పుట్టీ పెట్టి నున్నగా చేస్తే అది ఏ షాపులోనైనా దొరికే స్టాండే అవుతుంది, ఇంత కష్టపడి తాతగారి కలప వాడిన దానికి అర్థమే ఉండదు. జాయింట్ల దగ్గర రెండు అడ్డ బద్దెలూ సగం సగం కోసి ఒకదానిలో ఒకటి కూర్చునేలా చేయించండి, కాళ్ళలోకి కూడా చెక్కలో చెక్క దూరేలా ఉండాలి, ఉత్త స్క్రూ మీద బరువు పెట్టకూడదు. ఫెవికాల్ కూడా నీళ్ళకి తట్టుకునే రకమే అడగండి.

బరువు అంటే గుర్తొచ్చింది, పన్నెండు అంగుళాల కుండీ తడి మట్టితో ఇరవై కేజీల దాకా తూగుతుంది, అది మట్టి కుండీయో సిరామిక్‌దో అయితే ఇంకో నాలుగైదు కేజీలు కలుపుకోండి. మీ పక్కనే కడియం నర్సరీలు కాబట్టి మొక్కలకి కొదవ లేదు, కానీ వేళ్ళ చుట్టూ జిగురుమట్టి ముద్దతో వచ్చే మొక్కని అలాగే కుండీలో దింపేయకుండా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్ట్ కలిపిన మట్టిలోకి మారిస్తే బరువు తగ్గుతుంది, నీళ్ళు కూడా నిలవ్వు. కొలత తీసుకునేటప్పుడు కుండీ పైఅంచు కాదు, స్టాండ్ కాళ్ళ మధ్యలోకి దిగే భాగంలో ఎక్కడ ఎక్కువ వెడల్పో అక్కడ కొలిచి ఇంకో అర అంగుళం వదులు ఇవ్వండి, బిగుతుగా ఉంటే మట్టి మార్చేటప్పుడు కుండీ బయటికి రాదు.

అవిసె నూనె పట్టిద్దాం అనుకుంటే ఇంట్లో పెట్టే వాటికి పట్టించండి, టేకు మీద చాలా బావుంటుంది. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, ఇది నిజంగా జరిగే ప్రమాదం, నీళ్ళలో ముంచి గానీ బయట విడివిడిగా ఆరేసి గానీ పారేయండి. ఇంకో మాట, గడప చెక్క ఉంటే దాన్ని మాత్రం కోయకండి. చెక్క బాగోక కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు.

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్‌లో ఉంటాం, గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. హాల్లో టీవీ పక్కన మూల ఖాళీగా ఉంది, అక్కడ నాలుగైదు మొక్కలు స్టాండ్ల మీద పెట్టి ఫొటోల్లో చూపించినట్టు చేయాలని ఉంది. ఇంట్లో రెండేళ్ళ బాబు. గాలి కూడా శుభ్రం అవుతుందంటారు కదా, ఏ మొక్కలు పెట్టాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: గాలి మాట ముందు తేల్చేద్దాం. 1989లో నాసా చేసిన ఒక పరిశోధన పట్టుకుని అందరూ అదే చెప్తారు, అది మూసేసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో చేసింది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు అలాంటి పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, కిటికీలోంచి మామూలుగా వచ్చే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అంటే మీ హాల్లో మీకే చోటుండదు. గాలి కోసం కిటికీ తీయండి, మొక్కలు అందం కోసం పెట్టుకోండి.

ఇక ఆ మూల. స్టాండ్లు కొనకముందు మధ్యాహ్నం పూట లైట్లన్నీ ఆపేసి అక్కడ కూర్చుని పేపర్ చదవడానికి వస్తుందేమో చూడండి. రాకపోతే అక్కడ ఏ మొక్కా ఎక్కువకాలం బతకదు, జీజీ (ZZ) ప్లాంట్, స్నేక్ ప్లాంట్ లాంటివి చాలా నెలలు ఓర్చుకుంటాయి అంతే. కిటికీ నుంచి ఆరేడు అడుగులు లోపలికి వచ్చేసరికి వెలుగు చాలా పడిపోతుంది, మన కళ్ళు సర్దుకుపోతాయి కాబట్టి మనకి తెలీదు. స్టాండ్ వల్ల ఉపయోగం అక్కడే ఉంది, కిటికీ గోడ అడుగుభాగంలో నీడలో పడున్న కుండీని రెండడుగులు పైకి లేపితే దానికి వెలుగు అందుతుంది. రెండు జతల మొక్కలు పెట్టుకుని పదిహేను రోజులకొకసారి బాల్కనీలోవి లోపలికి, లోపలివి బాల్కనీలోకి మార్చుకుంటే ఆ మూల ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, ఎండలోకి మాత్రం ఒక్కసారిగా పెట్టకండి, ఆకులు మాడతాయి.

అమరిక గురించి నా పద్ధతి చెప్తా, ఇష్టమైతే పాటించండి. ఐదు వద్దు, మూడు చాలు, మూడూ మూడు ఎత్తుల్లో. వెనక మూలలో పెద్దది, అరెకా పామ్ లాంటిది, ఆరు అంగుళాల పొట్టి స్టాండ్ మీద. దాని ముందు ఒక పక్కకి అడుగు ఎత్తు స్టాండ్ మీద నిటారుగా ఉండే ఆకులది. మూడోది సన్నగా పొడుగ్గా రెండడుగుల స్టాండ్, దాని మీద కిందకి జారే స్పైడర్ ప్లాంట్. చెక్క రంగు మూడింటికీ ఒకటే ఉండాలి, కుండీలు కూడా తెలుపో మట్టిరంగో ఏదో ఒకటి, ఎర్ర కుండీ పచ్చ కుండీ నీలం కుండీ పెట్టేస్తే చూపు మొక్కల మీద నిలవదు. సోఫా చెక్క రంగుకి స్టాండ్ రంగు సరిగ్గా కలవాలని తాపత్రయపడకండి, కలవదు, కొంచెం ముదురో కొంచెం లేతో అయితేనే నప్పుతుంది. గోడకి నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి, లేకపోతే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ మీద తడి మరకలు చూపించి ఓనరు అడ్వాన్స్‌లో కోస్తారు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట కూడా వద్దు.

బాబు ఉన్నాడు కాబట్టి నిచ్చెన లాంటి మెట్ల స్టాండ్ అసలు వద్దు, అది చూడగానే ఎక్కుతాడు, గోడకి బిగించకపోతే మీద పడుతుంది, మీకేమో మేకు కొట్టే వీల్లేదు. కాళ్ళు కొంచెం బయటికి వాలి, కుండీ లోపలికి దిగి కూర్చునే స్టాండ్లు తీసుకోండి. ఆ రెండడుగులది కూడా బాబు పెద్దయ్యేదాకా సోఫా వెనక్కి జరపండి. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉంటుంది, నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి, అవి అందని ఎత్తులో ఉండాలి, డిఫెన్‌బాకియా అయితే కొన్నాళ్ళు ఇంట్లోకే తేకండి. జీజీ ప్లాంట్ కూడా ఆ కోవదే. అరెకా, స్పైడర్ ప్లాంట్‌లతో ఆ గొడవ లేదు.

కుండీ కింద ప్లేటు తప్పకుండా పెట్టండి, స్టాండ్ చెక్క బతకాలంటే అది ఉండాలి, కానీ ఆ ప్లేటులో నీళ్ళు ఉంచేస్తే డెంగీ దోమకి అదే ఇల్లు. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు చాలు. ఆరోగ్య శాఖ వాళ్ళు శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్ళు పారబోసే రోజు, అని మొత్తుకునేది ఇందుకే. పారబోయడం ఒక్కటే సరిపోదు, గుడ్లు ప్లేటు అంచుకి అతుక్కుని ఎండినా బతికే ఉంటాయి, పీచుతో రుద్ది కడగాలి.

ప్రశ్న: స్టాండ్ కాళ్ళకి సూది మొనంత కన్నాలు పడ్డాయి, కింద రోజూ పిండిలాంటి పొడి రాలుతోంది. చెదలేనా? (గుంటూరు)

జవాబు: చెదలు కాదు, చెదలైతే మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి. ఇది చెక్క తొలిచే పురుగు, మెత్తటి పిండి రాలడమే దాని గుర్తు. ముందు ఆ స్టాండ్‌ని మిగతా ఫర్నిచర్‌కి దూరంగా బయట పెట్టండి. హార్డ్‌వేర్ షాపులో చెక్క పురుగు మందు దొరుకుతుంది, సిరంజితో ఒక్కో కన్నంలోకి ఎక్కించి, పాలిష్ లేని భాగాలకి బ్రష్‌తో పూసి బాగా ఆరనివ్వండి, గ్లౌజులు మర్చిపోవద్దు. తర్వాత కన్నాలు మైనంతో మూసేయండి. మూసింది ఎందుకంటే కొత్త కన్నం పడితే తెలియడానికి, పడితే ఇంకోసారి మందు. వెదురు స్టాండ్లకి కూడా ఈ పురుగు బాగా పడుతుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. కరివేపాకు, మల్లె, తులసి పెద్ద కుండీల్లో ఉన్నాయి, చలికాలం రాగానే లోపలికి మోయడం మా ఇద్దరి నడుములకీ శిక్ష అయిపోతోంది. చక్రాల చెక్క స్టాండ్ చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోండి, కానీ పొట్టిగా, నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తుకి మించకుండా, ఎత్తు పెరిగితే చక్రాల మీద ఒరిగిపోతుంది. అక్కడ సీడర్ చెక్క తేలిగ్గా దొరుకుతుంది, బయట వానకి బాగా ఆగుతుంది. పట్టీల మధ్య సందులు వదలండి, చక్రాలు నాలుగు, అందులో రెండింటికి బ్రేకు, ఒక్కోటీ మొత్తం బరువులో సగమైనా మోసేది తీసుకోండి, గుమ్మం దాటేటప్పుడు బరువంతా రెండు చక్రాల మీదే పడుతుంది. రాత్రి 50 ఫారెన్‌హీట్ కిందకి వెళ్తోంది అనగానే కరివేపాకుని లోపలికి తోసేయండి, మంచు పడేదాకా ఆగొద్దు. లోపలికి తెచ్చేముందు ఆకుల వెనక పురుగులున్నాయేమో చూసి కడగండి. చలికాలం ఆకు రాలిస్తే కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయకండి.

ప్రశ్న: ఫ్యాక్టరీల దగ్గర పాలెట్ చెక్కలు చవగ్గా అమ్ముతున్నారు, వాడొచ్చా? (సంగారెడ్డి)

జవాబు: ముద్ర చూసి వాడండి. విదేశాలకి వెళ్ళొచ్చే పాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది, అందులో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగు చంపినది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, వదిలేయండి. ముద్ర ఏదైనా సరే, నూనె మరకలున్నా రసాయనాల వాసన వస్తున్నా కొనకండి, మందుల కంపెనీల దగ్గర్నుంచి వచ్చే వాటిలో ఏం ఒలికిందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: తులసి కుండీని టేకు స్టాండ్ మీద పెడితే దోషమా? మా అత్తగారు కోటలోనే ఉండాలంటున్నారు. (తెనాలి)

జవాబు: దోషం సంగతి పురోహితుడిని అడగండి, చెక్క సంగతి నేను చెప్తా. తులసికి రోజూ చెంబుతో నీళ్ళు పోస్తారు, పసుపు కుంకుమ, పక్కనే దీపం. రోజూ తడిసి, రోజూ ఎండలో ఉండి, పక్కన మంట కూడా ఉండే చోట చెక్క స్టాండ్ ఎందుకండి? ఈ ఒక్క విషయంలో మీ అత్తగారి మాటే వినండి, లేదా నాలుగు ఇటుకల మీద చిన్న రాతి పలక వేసి దాని మీద పెట్టండి. ఆ టేకు స్టాండ్ హాల్లోకి తెచ్చి వేరే మొక్క పెట్టుకోండి.